కలియుగ భీముడు – మన డ్రిల్లు మాస్టారు

శ్రీకాకుళం పట్టణంలో చదువుకున్నవారికి కోడి రామమూర్తి స్టేడియం పేరు తెలియకుండా ఉండదు. జోనల్ ఆటలకో, జిల్లా పోటీలకో, పోలీసు సెలక్షన్లకో మన హాస్టల్ పిల్లలు ఏదో ఒకనాడు ఆ పేరు విన్నవారే. విశాఖపట్నం బీచ్ రోడ్డుకు షికారుకు వెళ్ళినవారు సముద్రం వైపు నిలబడిన కండలు తిరిగిన విగ్రహాన్ని చూసే ఉంటారు. ఆ మనిషే కోడి రామమూర్తి నాయుడు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న మహాబలుడిగా, ఉక్కు గొలుసులు తెంచిన కలియుగ భీముడిగా ఆయన పేరు దేశమంతా మారుమోగింది.

ఆ ఏనుగు కథ అందరికీ తెలుసు. కానీ ఆయన ఏనుగును ఎత్తుకోకముందు ఒక హైస్కూల్లో పిల్లలకు డ్రిల్లు నేర్పిన మాస్టారని మనలో ఎంతమందికి తెలుసు? మైదానంలో పిల్లవాడి ఒంటిని చూసి బాగోగులు కనిపెట్టే పని ఆయన జీవితంలో మొదటి ఉద్యోగం. మన వసతిగృహ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి ఒకసారి చెప్పుకుందాం. దానికి కారణం ఉంది, చివర చెబుతాను.

వీరఘట్టం బాలుడు

రామమూర్తి నాయుడు 1882 ప్రాంతంలో వీరఘట్టంలో పుట్టారు. అప్పట్లో మన ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. వీరఘట్టం చాలా కాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా ఆయన ఉత్తరాంధ్ర బిడ్డ అన్నది మారలేదు.

తండ్రి వెంకన్న నాయుడు. తల్లి ఆయన చిన్నతనంలోనే కన్నుమూసింది. తల్లిలేని పిల్లవాడు కావడంతో గారాబం కొంత, అల్లరి కొంత ఎక్కువయ్యాయి. చదువు మీద మనసు నిలవలేదు. ఊరి చెరువు దగ్గర తెల్లవారుజామున కసరత్తు చేయడం మీద మాత్రం నిలిచింది. ఆ పిల్లవాణ్ణి దారిలో పెట్టాలని తండ్రి విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న బంధువు నారాయణస్వామి నాయుడి ఇంటికి పంపారు.

సొంత ఊరు వదిలి, పుస్తకాల సంచితో, తెలియని పట్టణంలో వేరొకరి నీడన చదువుకోవడం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ట్రంకు పెట్టె పట్టుకుని మొదటిరోజు గేటు దగ్గర నిలబడిన ప్రతి ఒక్కరికీ అది తెలుసు.

తాలింఖానాల పట్టణం

విజయనగరానికి విద్యలనగరం అన్న పేరుంది. సంగీతం, సాహిత్యంతోపాటు సాము గరిడీలకు కూడా ఆ పట్టణం పెట్టింది పేరు. అక్కడ తాలింఖానాలు ఉండేవి. మట్టి గోదాలో కుస్తీ, దండీలు, బస్కీలు, కర్రసాము అన్నీ అక్కడే. పిల్లవాడు వస్తాదు కాళ్ళకు దండం పెట్టి గోదాలో దిగితే, ఆ తరువాత వాడి తిండి, నిద్ర, సాధన అన్నీ వస్తాదు కంట్లో ఉండేవి. ఎవరి భుజం పట్టేసింది, ఎవరి నడుము బిగుసుకుంది, ఎవరు ఇవాళ కుస్తీకి దిగకూడదు అన్నది ఆయనే చూసుకునేవాడు. సాధన అయ్యాక మర్దనా చేయించేవాడు. శాస్త్రం తక్కువైనా కాపలా ఎక్కువగా ఉండేది.

రామమూర్తికి ఆ మట్టి బాగా పట్టింది. క్లాసులో వెనకబడిన కుర్రవాడు గోదాలో అందరికంటే ముందుకు వచ్చాడు. అది దేశంలో వ్యాయామం మీద కొత్త మోజు పుడుతున్న కాలం కూడా. ఐరోపాలో పేరు పొందిన బలశాలి యూజెన్ సాండో 1904-05లో భారతదేశం వచ్చి ప్రదర్శనలు ఇచ్చాడు. తెల్లవారి ఏలుబడిలో మనవాళ్ళు బలహీనులన్న మాట వినివిని విసిగిన యువకులు ఊరూరా కసరత్తు మొదలుపెట్టిన రోజులవి. మన విజయనగరం కుర్రవాడు 21 ఏళ్ళకే ఛాతీ మీద ఒకటిన్నర టన్నుల బరువు మోశాడు. కొంతకాలానికి దాన్ని మూడు టన్నులకు పెంచాడు.

ఇక్కడ మనం ఆగి చూడవలసినది ఒకటి ఉంది. ఆయన మొదటి రోజే మూడు టన్నులు మోయలేదు. ముందు తన ఒళ్ళు, తరువాత రాళ్ళు, తరువాత మనుషులు, ఆ తరువాతే ఏనుగు. కండకైనా ఎముకకైనా భారం మెల్లగా పెంచితే బలం వస్తుంది. ఒక్కసారిగా పెంచితే దెబ్బ తగులుతుంది. మధ్యలో విశ్రాంతి ఇస్తేనే ఆ బలం నిలబడుతుంది. ఈనాటి క్రీడాశాస్త్రం పుస్తకాల్లో రాసే మొదటి పాఠం ఇదే. ఆయన దాన్ని గోదాలో నేర్చుకున్నారు.

సైదాపేట చదువు, డ్రిల్లు మాస్టారి ఉద్యోగం

బలం ఉంటే సరిపోదు, దాన్ని నేర్పే పద్ధతి తెలియాలని రామమూర్తి గ్రహించారు. మద్రాసులోని సైదాపేటకు వెళ్ళి ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొందారు. చదువంటే పారిపోయిన కుర్రవాడు తనకు ఇష్టమైన చదువు కోసం అంత దూరం వెళ్ళి పూర్తిచేసి వచ్చాడన్నమాట. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను హెచ్.సి. బక్ 1920లో స్థాపించారు. రామమూర్తి శిక్షణ పొందింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు. అంటే మన దేశంలో వ్యాయామం నేర్పడం ఒక వృత్తిగా ఇంకా పూర్తిగా రూపుకట్టని రోజుల్లోనే ఒక వీరఘట్టం యువకుడు ఆ అర్హత సంపాదించాడు.

తిరిగి వచ్చి విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ శిక్షకుడిగా చేరారు. ఆ రోజుల్లో డ్రిల్లు అంటే వరుసలో నిలబడి చేతులు, కాళ్ళు కదిపించడం, డంబెల్సు, కర్ర గదలు, బార్ల మీద విన్యాసాలు. లెక్కల మాస్టారికి, ఇంగ్లీషు మాస్టారికి ఉన్న గౌరవం డ్రిల్లు మాస్టారికి ఉండేది కాదు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఆటల పీరియడు వచ్చేసరికి పరీక్షలకు చదువుకోమంటారు కదా, అప్పుడు ఇంకెంత ఉండేదో ఊహించుకోవచ్చు.

అయినా ఆలోచించండి. లెక్కల మాస్టారు పిల్లవాడి నోటుపుస్తకం చూస్తారు. డ్రిల్లు మాస్టారు పిల్లవాణ్ణే చూస్తారు. ఎవడు కుంటుతున్నాడు, ఎవడు రెండు రౌండ్లకే ఆయాసపడుతున్నాడు, ఎవడు అన్నం తినకుండా వచ్చాడు అన్నది బడి మొత్తంలో ముందుగా కనబడేది ఆయనకే.

సర్కస్ డేరాలో

హైస్కూలు మైదానం ఆయన బలానికి ఎక్కువ కాలం సరిపోలేదు. తునికి చెందిన పొట్టి పంతులు అనే మిత్రుని తోడ్పాటుతో సర్కస్ కంపెనీ నెలకొల్పారు. 1911, 1912 నాటికి ఆ సర్కస్ తెలుగు జిల్లాలు దాటి పేరు తెచ్చుకుంది. ఊరిబయట డేరా వేస్తే చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని జనం వచ్చేవారు.

ఆయన చేసిన వాటిలో మూడు ఎక్కువగా చెప్పుకుంటారు. మొదటిది గొలుసు. ఉక్కు గొలుసును ఛాతీకి చుట్టి బిగిస్తే, గట్టిగా ఊపిరి పీల్చి దాన్ని తెంచేవారు. రెండవది మోటారు కార్లు. రెండు చేతులకు కట్టిన తాళ్ళను రెండు కార్లకు తగిలించి, రెండూ చెరోవైపు లాగుతున్నా కదలకుండా నిలబడేవారు. మూడవది ఏనుగు. వెల్లకిలా పడుకుని ఛాతీ మీద వెడల్పు చెక్కపలక వేయించుకుని, దాని మీదకు ఏనుగును ఎక్కించుకునేవారు.

ఇందులో మంత్రం లేదు. ఊపిరి నిండా గాలి నింపి బిగబట్టినప్పుడు ఛాతీ గూడు గట్టిపడుతుంది. వెడల్పు పలక బరువును ఒక్కచోట పడనీయకుండా ఒళ్ళంతటికీ పంచుతుంది. వీటన్నిటి వెనుక ఏళ్ళ తరబడి చేసిన ప్రాణాయామం, కసరత్తు ఉన్నాయి. అయితే ఊపిరి బిగబట్టి పెద్ద బరువు మోస్తే రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. సరైన శిక్షకుడు పక్కన లేకుండా ఎవరైనా ఇలాంటివి చేయబోతే ప్రాణం మీదకు వస్తుంది. కాబట్టి తమ్ముళ్ళూ, మంచాలు ఛాతీ మీద పెట్టుకుని పందేలు వేయకండి. మా రోజుల్లో మేము వేశాం, అందుకే చెబుతున్నాను.

దేశ విదేశాల్లో

పేరు పెరిగేకొద్దీ బిరుదులు వచ్చాయి. మల్లమార్తాండ, జయవీర హనుమాన్, కలియుగ భీమ వంటివి కొన్ని. వైస్రాయి లార్డ్ మింటో కారును ఆయన కదలకుండా ఆపిన సంగతి మన పెద్దలు కథగా చెబుతారు. పండిత మదనమోహన మాలవ్యా వంటి నాయకులు ఆయనను మెచ్చుకుని, విదేశాలకు వెళ్ళి భారతీయుల శక్తి చూపమని ప్రోత్సహించారు. ఆయన బృందంతో సముద్రం దాటి వెళ్ళారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అన్న పేరు పొందారు. పాలించేవారి ముందు పాలితుల బిడ్డ ఒకడు అలా నిలబడడం ఆనాటి వారికి ఎంత గర్వంగా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఆయన శాకాహారి, ఆంజనేయ భక్తుడు. మాంసం తింటేనే బలం వస్తుందన్న మాటను తన ఒంటితోనే కాదన్నారు. మన హాస్టల్ పప్పు, చారు చూసి ముఖం ముడుచుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. అయితే శాకాహారమైనా పప్పు, పాలు, పెరుగు, వేరుశనగలు కడుపునిండా ఉండాలి. ఉత్త అన్నంతో కండ రాదు.

సర్కస్‌లో ఆయన లెక్కకు మించి సంపాదించారు. సంపాదించినట్టే ఇచ్చేశారు. అడిగినవారికి లేదనడం ఆయనకు రాలేదు. చివరికి తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు.

కాలు

ఇక ఆయన జీవితంలో కష్టమైన భాగం. ఏనుగు చేయలేని పనిని ఒక పుండు చేసింది. కాలి మీద లేచిన పుండు ముదిరిపోయింది. ఎన్ని చేసినా తగ్గలేదు. చివరికి కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్స సమయంలో ఆయన క్లోరోఫారం వంటి మత్తుమందు వద్దన్నారని, ప్రాణాయామంలో ఊపిరి నిలిపి, నిబ్బరంగా ఉండి కాలు తీయించుకున్నారని ఆయన జీవితకథలన్నీ చెబుతాయి.

దానితో ప్రదర్శనలు ముగిశాయి. చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో, అక్కడి సంస్థానాధీశుని ఆదరణలో గడిచాయి. 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు. వీరఘట్టంలో మొదలైన జీవితం సొంత ఊరికి దూరంగా ముగిసింది.

మేము తప్పుగా నేర్చుకున్న పాఠం

మత్తుమందు లేకుండా కాలు తీయించుకున్న ఆ కథను నేను మొదట విన్నది హాస్టల్ వరండాలో, కరెంటు పోయిన రాత్రి ఒక సీనియర్ అన్న నోటి నుంచి. వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. మగవాడంటే అలా ఉండాలి, నొప్పి అనకూడదు అని ఆ రాత్రి మేమంతా తీర్మానించుకున్నాం.

ఆ తరువాత కొద్ది నెలలకే జోనల్ కబడ్డీ పోటీలు. వారం ముందు ప్రాక్టీసులో నా చీలమండ మెలిక పడింది. మాస్టారికి చెబితే టీములోంచి తీసేస్తారని చెప్పలేదు. స్నేహితుడు వేడి నూనెతో గట్టిగా మర్దనా చేశాడు. వాపు రెట్టింపైంది. తువ్వాలు చింపి కట్టుకుని, రామమూర్తిని తలచుకుని ఆడాను. ఆ రోజు గెలిచాం కూడా. కానీ ఆ చీలమండ మళ్ళీ మళ్ళీ మడత పడుతూనే ఉంది. కొన్నేళ్ళ తరువాత పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగులో, మూడో రౌండు మలుపు దగ్గర అదే కాలు పక్కకు ఒరిగింది. నా నంబరు పలక పట్టుకుని పక్కకు వచ్చి కూర్చున్నాను.

చాలా కాలానికి ఒక ఫిజియోథెరపిస్టు నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి చూశారు. పది సెకన్లు కూడా నిలబడలేకపోయాను. మొదటిసారి దెబ్బ తగిలినప్పుడే కొన్ని వారాలు సరైన వ్యాయామాలు చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని ఆయన వివరించారు. అప్పుడు తెలిసింది నాకు, మేము ఆ మహానుభావుడి జీవితం నుంచి తప్పు పాఠం నేర్చుకున్నామని.

కాలు తీసేటప్పుడు నొప్పి ఓర్చుకోవడం ఆయన ధైర్యం. అందులో సందేహం లేదు. కానీ అంతటి దేహం ఒక పుండుకు ఎందుకు లొంగిపోయిందన్నది మనం అడగవలసిన ప్రశ్న. ఆనాటికి పెన్సిలిన్ రోగుల చేతికి రాలేదు. పుండు ముదిరితే ఆపే మందు లేదు. ఇప్పుడు అలా కాదు. ఆయనకు వేరే దారి లేక ఓర్చుకున్నారు. మనకు దారి ఉండీ దాచుకోవడం ధైర్యం అనిపించుకోదు.

ఆయన తరువాత లోకం నేర్చుకున్నది

దెబ్బ తిన్న ఒంటిని తిరిగి నిలబెట్టే విద్య ఆయన కాలంలోనే మరో ఖండంలో మొదలైంది. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు కలిసి మర్దనా చికిత్సకు ఒక సంఘం పెట్టారు. బ్రిటన్‌లో ఫిజియోథెరపీ వృత్తికి అదే మూలం. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు, ఆ తరువాత పోలియో పిల్లలు ఆ విద్యను పెంచారు. మన దేశంలో 1950ల తొలి సంవత్సరాల్లో బొంబాయిలో, పోలియో వ్యాధి విజృంభించిన తరువాత, ఫిజియోథెరపీ బడి మొదలైంది. 1955లో ఫిజియోథెరపిస్టుల జాతీయ సంఘం ఏర్పడింది. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఈ వృత్తికి జాతీయ స్థాయిలో గుర్తింపు, నియమాలు కల్పించింది.

అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్ అని మరో వృత్తి ఉంది. వారి జాతీయ సంఘం 1950లో పుట్టింది. పేరు విని ఆట నేర్పే కోచ్ అనుకోకండి. దెబ్బ తగలకుండా ముందే చూడడం, తగిలిన క్షణంలో మైదానంలోనే ప్రథమ చికిత్స చేయడం, తిరిగి ఎప్పుడు ఆడవచ్చో చూసి చెప్పడం వీరి పని. అక్కడ చాలా హైస్కూళ్ళలో ఇటువంటివారు సాయంత్రం పూట గ్రౌండులోనే ఉంటారు. గెలవాలన్న ఆరాటం కోచ్‌కు ఉంటుంది, పిల్లవాడికి ఉంటుంది. వద్దు, ఇవాళ కూర్చో అని చెప్పగలిగిన మూడో మనిషి వీరు. మన తాలింఖానాలో వస్తాదు చేసిన కాపలాకు శాస్త్రం తోడైతే ఎలా ఉంటుందో అది అలా ఉంటుంది.

మన బడుల్లో ఆ మూడో మనిషి లేరు. ఆ పని కూడా పీఈటీ మాస్టారి మీదే పడింది. వందల మంది పిల్లలకు ఒక్కరు. అందుకే చెప్పడం మన బాధ్యత, వినడం ఆయన బాధ్యత అవుతుంది.

మన మట్టిలో బలం తక్కువేమీ కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి, నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర బరువులెత్తడం నేర్చుకుని, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన జిల్లా బిడ్డ. విజయనగరం జిల్లా కొండవెలగాడ ఊరి నుంచి ఎందరో వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు. అదే ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. ఆ విభాగంలో మొదటి స్థానంలో వచ్చిన 16 ఏళ్ళ నైజీరియా అమ్మాయి నిషేధిత మందులు వాడినట్టు తేలి పతకం పోగొట్టుకుంది. ఆ వయసు పిల్ల ఒంట్లోకి ఏమి వెళుతోందో చూసే మనిషి పక్కన ఎంత అవసరమో ఇక్కడే తెలుస్తుంది. ఎవరో ఇచ్చిన పొడులు, ఇంజెక్షన్లు ముట్టకండి.

హాస్టల్లో మనం చేయగలిగినవి

ఫిజియోథెరపిస్టు మన గ్రౌండుకు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ కొన్ని మాటలు ప్రతి గదిలో తెలిసి ఉంటే చాలు.

చీలమండ, మోకాలు బెణికితే ఆట ఆపేయాలి. ఐసు దొరక్కపోతే కుండ నీళ్ళలో తడిపిన గుడ్డ పదిహేను, ఇరవై నిమిషాలు వేయాలి. రెండు మూడు గంటలకొకసారి మళ్ళీ వేయవచ్చు. క్రేప్ బ్యాండేజీ మరీ బిగుతు కాకుండా కట్టి, ట్రంకు పెట్టె మీదో, దిండు మీదో కాలు ఎత్తుగా పెట్టాలి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనె మర్దనా, లాగి సరిచేయడం పనికిరావు.

నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి వచ్చినా ఎక్స్‌రే తీయించాలి. మోకాలు టప్పుమని కొద్ది గంటల్లోనే వాస్తే డాక్టరు చూడాలి. నాటు కట్టు కట్టించే ముందే ఎక్స్‌రే, తరువాత కాదు.

తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వాంతి వచ్చినా, తికమకగా మాట్లాడినా ఆ రోజు మళ్ళీ ఆడకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అగ్నివీర్ ర్యాలీకీ, కానిస్టేబుల్ పరుగుకీ నోటిఫికేషన్ పడ్డాక ఒక్కసారిగా తారురోడ్డు మీద పరిగెత్తడం మొదలుపెడతారు మనవాళ్ళు. పది రోజుల్లో మోకాలి కింద ముందు ఎముక నొప్పి పుడుతుంది. మెల్లగా మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచి, మధ్యలో విశ్రాంతి రోజు పెట్టుకోవాలి. వీలైతే మట్టి మీద పరిగెత్తాలి. ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి చూపగలిగే నొప్పి ఉంటే ఆగి డాక్టరుకు చూపించాలి.

ఎండాకాలం ప్రాక్టీసు తెల్లవారుజామునే ముగించాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ పడిపోయినవారిని నీడలోకి తెచ్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

నొప్పి తగ్గడంతోనే బాగైనట్టు కాదు. ఒంటికాలి మీద నిలబడగలగాలి, గెంతగలగాలి, పరుగులో మలుపు తిరగగలగాలి. అప్పుడే మళ్ళీ ఆటలోకి దిగాలి. పెద్ద ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. అడిగితే వ్యాయామాలు నేర్పుతారు.

చెల్లెళ్ళకు మరో మాట. మగ మాస్టారికి చెప్పలేనిది ఉంటే మేట్రన్‌గారికో, అక్కలకో చెప్పండి. చెప్పకుండా ఆడకండి.

ఇంటర్‌లో బైపీసీ చదువుతున్నవారు ఫిజియోథెరపీ డిగ్రీ గురించి కూడా ఆలోచించండి. డాక్టరు సీటు రాకపోతే చదువు అయిపోయిందనుకోకండి. మన హాస్టళ్ళ నుంచి ఒక్కొక్క జిల్లాకు పదిమంది ఫిజియోథెరపిస్టులు తయారైతే, సాయంత్రం గ్రౌండు చివర నిలబడే ఆ మూడో మనిషి మనవాడే అవుతాడు. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒకటే. ఈ ఏడాది హాస్టల్‌కు ఏదైనా ఇవ్వాలనుకుంటే రెండు డజన్ల క్రేప్ బ్యాండేజీలు, ఒక ఐసు పెట్టె, ప్రథమ చికిత్స సామాను ఇవ్వండి. వీలైనవారు ఒక పూట ఒక ఫిజియోథెరపిస్టును వెంటబెట్టుకుని రండి.

రామమూర్తి నాయుడి విగ్రహం ముందు నిలబడినప్పుడు ఇకపై ఏనుగును ఒక్కదాన్నే తలచుకోకండి. విజయనగరం హైస్కూలు మైదానంలో పిల్లల వరుస ముందు నిలబడి, ఒక్కొక్కరినీ తేరిపార చూస్తున్న యువ డ్రిల్లు మాస్టారిని కూడా తలచుకోండి. ఆ వరుసలో మీరూ ఉన్నారనుకోండి. కాలు నొప్పిగా ఉంటే ఆయనకు దాచకుండా చెప్పండి.